ఇరవై ఐదో వరుస

20 జనవరి 2025, సోమవారం

బీమా ఏజెంటు ఇచ్చిన డైరీ ఇరవై రోజులుగా బీరువా మీద పడి ఉంది. వంటల కొలతలు రాసుకుంటానని మా ఆవిడ జ్యోతిరాణి అడిగితే ఇవ్వలేదు. ఇవాళ నాకే అవసరం పడింది.

పొద్దున ప్రిన్సిపాల్ పరశురాములు గారు గదికి పిలిచారు. మా కాలేజీలో కంప్యూటర్ విభాగం పెట్టి పాతికేళ్లయిందట. ఫిబ్రవరి ఎనిమిదిన పెద్ద పండుగ. సెమినార్ హాల్లో కొత్తగా బిగించిన యాభై ఐదు అంగుళాల తెర మీద ఏం చూపించాలో కూడా ఆయనే ఖాయం చేసేశారు.

"సంపత్ సారూ, మీ పత్తిబండి ఆట ఆడియ్యాలె. జిల్లా ఫస్టు వచ్చిన ఆట. గిప్పటి పోరగాళ్లకు ఏమెరుక, మనోళ్లు గప్పుడే గేములు తయారు చేసిన్రని!"

ఫ్లాపీ ఎప్పుడో పాడైపోయిందన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరం మధ్యాహ్నం దాకే. మా ల్యాబ్ చూసుకునే దీపిక మేడం, కరోనా సెలవుల్లో ఊరికే కూర్చోలేక పాత ఫ్లాపీలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టిందట. "ఫికర్ చెయ్యకున్రి సార్, పత్తిబండి ఉన్నది" అని నవ్వుతూ చెప్పింది. అంత శ్రద్ధగా పని చేసే మనిషి మీద కోపం వచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

22 జనవరి, బుధవారం

దీపిక మేడం ఆట నడిపించింది. పాత కంప్యూటర్‌లా నటించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దాంట్లో. పాతికేళ్ల తర్వాత చూశాను.

జమ్మికుంట మార్కెట్ యార్డు. ఎడమ పక్క నుంచి పత్తి బండ్లు వస్తాయి. మబ్బు పడుతుంది. హమాలీని అటూ ఇటూ ఉరికించి, వాన కురిసే లోపల కుప్పల మీద పరదాలు కప్పాలి. పత్తి తడిసిందా, ఆట అయిపోయినట్టే.

కానీ ఫ్లాట్ మానిటర్ మీద అది ఆ ఆటలా లేదు. బొమ్మ అడ్డంగా సాగిపోయి బండి చక్రాలు పడుకోబెట్టిన కోడిగుడ్లయ్యాయి. బక్క హమాలీకి బొజ్జ వచ్చింది. పత్తి కుప్పలు మరీ ఘోరం. తెల్ల చుక్క, దాని పక్కన బూడిదరంగు చుక్క, మళ్లీ తెల్ల చుక్క, గళ్ల లుంగీ పరిచినట్టు ఉన్నాయి. ఆ కాలం డబ్బా మానిటర్ గాజు మీద ఆ చుక్కలు ఒకదాంట్లో ఒకటి కరిగి మెత్తటి దూదిలా కనిపించేవి. గాజు అలా కరిగిస్తుందని తెలిసినవాడు పెట్టిన చుక్కలవి. కొత్త తెరకు ఆ మొహమాటం లేదు. ప్రతి చుక్కనూ విడివిడిగా, గీత గీసినట్టు చూపిస్తుంది.

ఆ కాలం తెర మీద అక్షరాలకు ఇరవై ఐదే వరుసలు. అన్నిటికన్నా కిందనున్న ఇరవై ఐదో వరుసను కూడా అలాగే చూపించింది.

"సార్, గీ కింద ఏమో రాసున్నది..." అంటూ దీపిక మేడం ముందుకు వంగుతుండగా నా కాలు వైరుకు తగిలి కంప్యూటర్ ఆగిపోయింది.

తగలలేదు. తన్నాను. ఇక్కడ కూడా అబద్ధమెందుకు.

23 జనవరి, గురువారం

రాసేస్తాను. రాస్తే బరువు దిగుతుందంటారు.

ఇరవై ఐదో వరుసలో ఇంగ్లిష్ అక్షరాల్లో ఇలా ఉంటుంది: అంబదాస్ - సంపత్, 2000.

ఆట అంబదాస్‌ది. కాగజ్‌నగర్ నుంచి వచ్చి కరీంనగర్‌లో నాతో డిగ్రీ చదివాడు. ఇద్దరిదీ ఒకే గది. వాళ్ల బాపు పేపర్ మిల్లులో పని చేసేవాడు. అంబదాస్ ఆరు నెలలు క్లాసులు ఎగ్గొట్టి, ల్యాబ్‌లో కూర్చొని ఆ ఆట రాశాడు. నేను రాసింది ఏమీ లేదు. కానీ వాణ్ణి మా జమ్మికుంట తీసుకుపోయి యార్డు చూపించింది నేనే. మా బాపు అక్కడ హమాలీ. మబ్బు పట్టగానే పరదాల కోసం ఎలా ఉరుకుతారో చెప్పింది నేనే. అంటే ఆలోచన నాదే అయినట్టు. ఆలోచన లేకుండా ఆట ఎక్కడి నుంచి వస్తుంది?

జిల్లా పోటీకి రెండు రోజుల ముందు వాళ్ల బాపును ఆస్పత్రిలో చేర్చారని ఫోనొచ్చింది. అంబదాస్ చేతి సంచీ సర్దుకొని, ఫ్లాపీ నా చేతిలో పెట్టాడు. "కింద ఇద్దరి పేర్లు రాసిన. జర మంచిగ ఆడియ్యిరా" అన్నాడు. నా పేరు రాయమని నేను అడగలేదు. వాడంతట వాడే రాశాడు.

పోటీ ఫారంలో పేరు రాసే గీత ఒక్కటే ఉంది. నిజంగానే ఒక్కటే ఉంది. అందులో నా పేరు రాశాను. రాశాక భయం పట్టుకుంది, తెర మీద రెండు పేర్లున్నాయి కదా. ప్రోగ్రాంలోంచి పేరు తీసేయడం నాకు రాదు. అది వస్తే ఆట నేనే చేసేవాణ్ణి. డబ్బా మానిటర్ల కింద చిన్న చిన్న చక్రాలుండేవి, బొమ్మను పైకీ కిందికీ జరపడానికి. జడ్జీలు మా బల్ల దగ్గరికి రాకముందే వాటిలో ఒకటి తిప్పాను. బొమ్మ కిందికి జారి ఇరవై ఐదో వరుస ప్లాస్టిక్ చట్రం వెనకాల మాయమైంది.

దాంతోపాటు నా పేరూ మాయమైంది. వాడు ఇష్టంగా రాసిన నా పేరు.

జిల్లా ఫస్టు. పేపర్లో ఫొటో. ఆ ఫొటో చూసే కాలేజీవాళ్లు పైచదువుకు సాయం చేశారు, ఆ తర్వాత ఇక్కడే ఉద్యోగమిచ్చారు. ఇప్పుడు విభాగానికి పెద్దను నేనే.

బరువు దిగలేదు.

24 జనవరి

ఒక్క వేలితో తిప్పాను. ఒక్క వేలితో.

26 జనవరి, ఆదివారం

కాలేజీలో జెండా వందనం అయ్యాక ఇంటికి పోకుండా నాగరాజు పాత సామాన్ల దుకాణానికి వెళ్లాను. డబ్బా మానిటర్ కావాలన్నాను.

"గవి గిప్పుడు ఎవలు కొంటరు సార్? లోపల నీళ్లు వోసి చేపలు పెంచుతరా?" అన్నాడు.

వెనక గోడకు ఆనించి, బూజు పట్టి ఒకటి దొరికింది. పద్నాలుగు అంగుళాలది. నాగరాజు వైరు పెడితే వెలిగింది కూడా. నేను ముందుగా కింద చక్రాలు తిరుగుతున్నాయా లేదా అని చూశాను.

"అందరు అద్దం జూస్తరు. మీరు కింద జూస్తున్రేంది సార్?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చటుక్కున చేయి వెనక్కి తీసుకున్నాను. అతనికేం తెలుసని?

పాత ఆటను పాత గాజు మీదే చూపించాలి. ఇది నేను తప్పించుకోవడానికి చెప్పే మాట కాదు. పత్తి పత్తిలా కనబడాలంటే అదే దారి. ఎవరినడిగినా ఇదే చెబుతారు.

28 జనవరి, మంగళవారం

మానిటర్ ఆటోలో వేసుకొని కాలేజీకి తీసుకుపోయాను. ప్రిన్సిపాల్ గారికీ, దీపిక మేడంకీ పావుగంట ఉపన్యాసమిచ్చాను. ఆ కాలపు తెర ఎత్తు వెడల్పులో నాలుగింట మూడు వంతులు ఉండేదనీ, ఇప్పటిది వెడల్పనీ, అందుకే చక్రాలు సాగుతాయనీ, ఆ గాజు మెరుపు ఈ తెరకు రాదనీ. నాకే ఆశ్చర్యం వేసింది, ఇంత బాగా చెబుతానని. క్లాసులో కూడా ఇలా చెప్పను.

పరశురాములు గారు అంతా విన్నారు. "మంచిగ చెప్పిన్రు సారూ. కని మూడొందల మంది జూడాలె. గీ డబ్బల ఎవలకు గనవడ్తది? ముందట కుర్సీలోళ్లకే. పెద్ద తెర ఎందుకు తెచ్చినం మరి?"

డబ్బా స్టోరు గదిలోకి పోయింది.

దీపిక మేడం మాత్రం నా మాటలన్నీ నోట్సు రాసుకుంది. సాయంత్రానికి సెట్టింగులు మార్చి పిలిచింది. రెండు పక్కలా నల్ల పట్టీలు వదిలి, బొమ్మను నిలువుగా సాగదీసి, సరైన కొలతకు తెచ్చింది. "సార్, మీరు చెప్పినట్టే పెట్టిన. చక్రాలు జూడున్రి" అంది. చక్రాలు గుండ్రంగా ఉన్నాయి. కింది వరుస అద్దంలా కనిపిస్తోంది. నేను నేర్పిన విద్యే. ఆమె ఆ వరుసను చదువుతోందని తెలిసి, ఆకలిగా ఉందని చెప్పి బయటపడ్డాను.

30 జనవరి, గురువారం

పెద్ద తెర రిమోట్‌లో జూమ్ అని ఒకటుంది. నొక్కితే బొమ్మ పెద్దదై పైనా కిందా కొంత తెగిపోతుంది. ఎవరూ లేనప్పుడు పోయి నొక్కి పెట్టాను. గంట తర్వాత దీపిక మేడం తీసేసింది.

"పైన స్కోరు గూడ కట్ అయితుంది సార్. ఎవడో కావాలని నొక్కినట్టున్నడు."

పిల్లల పనై ఉంటుందన్నాను.

1 ఫిబ్రవరి, శనివారం

తెర కింది అంచుకు ఒక తోరణం కడితే బాగుంటుందని జ్యోతికి చెప్పాను. పత్తి ఆట కదా, పత్తి తోరణం. నాలుగు వేళ్ల వెడల్పు ఉంటే చాలన్నాను. కొలత ఇంత ఖచ్చితంగా ఎందుకు చెబుతున్నానని ఆమె అడగలేదు. పాత ఎర్రచీర అంచు తీసి, దూది ఉండలు చేసి, ఒక్కొక్కటీ సూదితో కుడుతూ కూర్చుంది. మధ్యలో ఇంటి పక్కామెకు చెబుతోంది, "మా ఆయన సదువుకునే కాలంల ఒక్కడే చేసిండక్కా ఆ ఆట. ఎవల సాయం లేకుంట."

ఆ మాట ఆమెకు నేర్పింది నేనే. పెళ్లిచూపుల్లో.

నేను స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పి, ఊరికే నిలబడ్డాను.

3 ఫిబ్రవరి, సోమవారం

ప్రోగ్రాం ఫైలును లోపలి నుంచి చూపించే ఉపకరణాలుంటాయి. పిల్లలకు నేనే నేర్పుతాను. ఇవాళ పత్తిబండి నకలు ఒకటి తీసి అందులో తెరిచాను. అర్థం కాని గుర్తుల అడవి మధ్యలో వాడి పేరు, నా పేరు. వాడి పేరు మీద ఖాళీలు కొట్టి, నా పేరు ఉంచితే చాలు. ఏడు సార్లు మీట నొక్కాలి.

ఏడు సార్లూ నొక్కాను. వాడి పేరు పోయింది. ఆట నడిపి చూశాను. ఇరవై ఐదో వరుసలో ఖాళీ జాగా తర్వాత సంపత్ ఒక్కడే ఉన్నాడు. పన్ను ఊడిన చిగురులా ఉంది ఆ జాగా. చూడలేక ఆ ఫైలు తీసేశాను. అది మంచితనం అనుకోను.

ఇంకొకటి రాయలేదు. 2000 డిసెంబరులో అంబదాస్ ఒకసారి వచ్చాడు. నేను అప్పుడు ఒక కంప్యూటర్ సెంటర్లో సాయంత్రాలు పాఠాలు చెబుతున్నాను. మేడ మీది కిటికీలోంచి చూశాను, కింద రోడ్డు మీద నిలబడి బోర్డు చదువుతున్నాడు. లేనని చెప్పించాను. వాడు చాలాసేపు చెప్పులు చేతిలో పట్టుకొని మెట్ల మీద కూర్చున్నాడు, ఒక చెప్పు తెగిపోయినట్టుంది. తర్వాత పోయాడు.

ఆ తర్వాత చిరునామా దొరకలేదు. వెతకలేదు అని రాయాలి.

5 ఫిబ్రవరి

పెద్దపల్లిలో రైలెక్కితే కాగజ్‌నగర్ రెండు గంటలు.

8 ఫిబ్రవరి, శనివారం

హాలు నిండింది. జ్యోతి పట్టుచీర కట్టుకొని రెండో వరుసలో కూర్చుంది. తోరణం అందరూ మెచ్చుకున్నారు.

ముఖ్య అతిథి రిమోట్ నొక్కారు. తెర వెలగలేదు. మళ్లీ నొక్కారు. నేను నొక్కాను, పరశురాములు గారు నొక్కారు. అప్పుడు దీపిక మేడం పరుగెత్తుకొచ్చి, "సార్, రిమోట్ కన్ను కింద అంచుకు ఉంటది, తోరణం అడ్డమొచ్చింది" అని, నేను నోరు తెరిచేలోగా తోరణం విప్పేసింది. జ్యోతి కుట్టిన దూది ఉండలు రెండు స్టేజీ మీద దొర్లాయి.

తెర వెలిగింది. బండ్లు వచ్చాయి. పిల్లలు ఈలలు వేశారు. యాభై ఐదు అంగుళాల తెర మీద ఆ కింది అక్షరాలు రెండు వేళ్ల ఎత్తున ఉన్నాయి. ముఖ్య అతిథి కళ్లజోడు సవరించుకొని, మైకు ముందే చదివారు. "అంబదాస్, సంపత్. సంపత్ మీరు. మరి గీ అంబదాస్ ఎవలు?"

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మనిషికి దొరకదు. అడిగి మరీ ఇచ్చారు. మైకు చేతిలో పెట్టారు.

"నా క్లాస్‌మేట్ సార్. టైపింగ్‌ల జర సాయం చేసిండు" అన్నాను.

చప్పట్లు కొట్టారు. సాయం చేసినవాణ్ణి కూడా గుర్తుంచుకున్నందుకు ముఖ్య అతిథి నన్ను మెచ్చుకున్నారు.

9 ఫిబ్రవరి, ఆదివారం

"గా అంబదాస్ సంగతి ఎన్నడు చెప్పకపోతిరి?" అని జ్యోతి.

చిన్న విషయమన్నాను.

10 ఫిబ్రవరి, సోమవారం

దీపిక మేడం వేడుక వీడియోను పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందులో అంబదాస్ లేడు, కానీ ఉన్నవాళ్లు ఎవరో పంపారు.

సాయంత్రం ఆరింటికి తెలియని నంబరు నుంచి గొంతు సందేశం వచ్చింది. వెనకాల ఏదో యంత్రం మోత.

"సంపత్, నేను అంబదాస్‌ను. వీడియో జూసిన. టైపింగ్ మంచిగనే కొట్టిన గదా."

అంతే. పన్నెండు సెకన్లు. తిట్టలేదు.

ఎవరు అని జ్యోతి అడిగితే రాంగ్ నంబర్ అన్నాను. దొంగకు తేలు కుట్టినట్టుంది నా బతుకు.

11 ఫిబ్రవరి

మళ్లీ విన్నాను. గొంతు మారలేదు.

13 ఫిబ్రవరి, గురువారం

జ్యోతికి చెప్పేశాను. పొద్దున ఆమె చిక్కుడుకాయలు గిల్లుతుండగా మొదలుపెట్టాను. మొత్తం చెప్పాను. ఫారం, చక్రం, మెట్ల మీద చెప్పులు, పెళ్లిచూపుల్లో చెప్పింది. ఆమె చేతులు ఆగలేదు. కాయలన్నీ అయిపోయాక తలెత్తింది.

"నాతోని తోరణం కుట్టిచ్చింది గందుకేనా?"

అవునన్నాను.

"మూడు దినాలు కుట్టిన" అంది. ఆమె తిడితే బాగుండేది.

మధ్యాహ్నం గ్రూపులో నిజం రాసి పెడదామని ఫోను పట్టుకొని కూర్చుంటే, చూసి, "ఫోన్ల గాదు. మనిషి కాడికి పోన్రి" అంది.

15 ఫిబ్రవరి, శనివారం

ముందు కాలేజీలో చెప్పాలనుకున్నాను. ఆట అంబదాస్ ఒక్కడిదే అని, నేను అబద్ధమాడానని ఉత్తరం రాసి పరశురాములు గారి చేతికిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి తలుపు దగ్గరికి వేశారు.

"గిప్పుడెందుకు సారూ గివన్ని? ఫంక్షన్ మంచిగైపోయింది. పేపర్ల గూడ వచ్చింది. మీ ఇజ్జత్‌తోని కాలేజీ ఇజ్జత్ గూడ పోతది."

ఉత్తరం సొరుగులో పెట్టి తాళం వేశారు. తప్పు ఒప్పుకుంటానంటే ఒప్పుకోనిచ్చేవాడు లేడు. నాకు లోపల ఎక్కడో కొంచెం ఊరట కలిగింది. అది చూసుకొని భయమేసింది. నకలు ఒకటి దీపిక మేడం బల్ల మీద పెట్టి వచ్చాను. ఆమె తాళం వేయదు.

16 ఫిబ్రవరి, ఆదివారం

కాగజ్‌నగర్ పోయి వచ్చాను. మరిచిపోకముందే రాయాలి. మరిచిపోను కూడా.

పాత క్లాస్‌మేట్‌ను అడిగితే చిరునామా రెండు నిమిషాల్లో చెప్పాడు. పాతికేళ్లు దొరకలేదనుకున్న చిరునామా. మిల్లు మూతపడ్డ ఏడాది అంబదాస్ పిండి గిర్ని పెట్టుకున్నాడట. మిల్లు మళ్లీ తెరిచాక కూడా దాన్ని వదల్లేదట.

గిర్ని ముందు ఆదివారం రద్దీ. జొన్నల డబ్బాలు, గోధుమల సంచులు, ఆడవాళ్లు. లోపల అంబదాస్. జుట్టు మీద, మీసం మీద, కనురెప్పల మీద పిండి. నన్ను చూశాడు. గుర్తుపట్టాడని నాకు తెలిసింది. గడ్డంతో వరుస చివరను చూపించాడు, అక్కడ నిలబడమని.

నిలబడ్డాను. ముప్పావు గంట. నా వంతు వచ్చింది.

"ఏం దెచ్చినవ్?" అని అరిచాడు మోతలో.

"ఏం దేలే. ఒక మాట చెప్పుదామని..."

"వినవడ్తలేదు!"

"ఆట నీది!" అని నేనూ అరిచాను. "నువ్వు ఒక్కనివే చేసినవ్! నేను నీ పేరు దాచిన!"

"గట్టిగ చెప్పు, గిర్ని చప్పుడుకు వినవడ్తలేదు!"

మళ్లీ అరిచాను. మూడోసారి కూడా అరవమన్నాడు. వెనక వరుసలో ఆడవాళ్లు సంచులు దింపి చూస్తున్నారు. మూడోసారి అరుస్తుండగా అర్థమైంది, వాడికి మొదటిసారే వినబడింది. అయినా అరిచాను. గొంతు పోయింది.

అప్పుడు గిర్ని ఆపాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. పిండి కింద నెరిసిన మీసం బయటపడింది.

"వీడియోల జూసిన. పత్తి పాడైంది" అన్నాడు.

"ఫ్లాట్ తెర గదా..."

"ఎరుకే. గా డబ్బ అద్దం కోసం పెట్టిన చుక్కలవి. గీ తెరకైతే వేరే తీరు పెట్టాలె." తువ్వాలు దులిపి, "చక్రాలు మాత్రం గుండ్రంగొచ్చినయ్. ఎవలు సెట్ చేసిన్రు? నువ్వా?" అన్నాడు.

"కాదు. దీపిక అని మా దగ్గర పని చేసే మేడం."

"మంచిగ చేసింది."

అక్కడే ఏడ్చాను. తిట్టి ఉంటే ఏడ్చేవాణ్ణి కాదేమో. వాడు నన్ను ఓదార్చలేదు. గోధుమల సంచీ మీద కూర్చొని, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పుకుంటూ పోయాడు.

"పేపర్ల నీ ఫొటో వచ్చిన దినం బాపు ఆస్పత్రిల మంచం మీద ఉన్నడు. గా ఆట నేనే చేసిన అన్న. పేరేదిరా మరి అన్నడు. ఆర్నెల్లు క్లాసులకు పోలేదని అప్పటికే కాలేజీ నుంచి ఉత్తరమొచ్చింది. సదువు ఇడిసిపెట్టి అబద్దాలు నేర్చిండని మా ఆయి వార్డుల అందరి ముంగట చెంప మీద కొట్టింది. నిన్ను తోలుకొచ్చి సాక్ష్యం చెప్పియ్యాలని కరీంనగర్ వచ్చిన. నువ్వు లెవ్వన్నరు."

ఆయి అంటే వాళ్లింట్లో తల్లి. నేను మాఫ్ చెయ్యమన్నాను.

"బాపు గట్లనే పోయిండు. నేను మిల్లుల చేరిన. గదంతా పోనియ్యి. కని ఆయి ఉన్నది సూడు, గప్పటి సంది నేను ఏం జెప్పినా నమ్మది. వాన వస్తుందే అన్నా, నిజమేనా అని పక్కింటోళ్లను అడుగుతది. నాకు నలభై ఆరేండ్లొచ్చినంక గూడ." లేచి తాళం చెవి జేబులో వేసుకున్నాడు. "మాఫీ నాకు గాదు. ఆయికి చెప్పు, పా."

ఇల్లు రెండు సందుల అవతల. వాళ్ల ఆయి గంగుబాయి అరుగు మీద కూర్చొని చాటలో బియ్యం ఏరుతోంది. డెబ్బై ఐదు దాటి ఉంటాయి, చూపు మాత్రం సూదిలా ఉంది.

"ఆయీ, సంపత్ వచ్చిండు. కరీంనగర్ల నాతోని సదివిండు" అన్నాడు అంబదాస్.

ఆమె కొడుకు వైపు చూడలేదు. నన్ను అడిగింది. "నిజమేనా బిడ్డా? నువ్వు సంపత్‌వేనా?"

అంబదాస్ గోడకు ఆనుకొని నేల చూస్తున్నాడు. అప్పటి దాకా నేను చేసింది ఒక పేరు దాచడం అనుకున్నాను.

ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. గొంతు బొంగురుపోయి మాట సరిగా రాలేదు. అయినా ఒక్కొక్కటీ చెప్పాను. ఆట అంబదాస్ చేశాడని. పేపర్లో వచ్చింది అబద్ధమని. ఆ రోజు ఆస్పత్రిలో మీ కొడుకు చెప్పిందే నిజమని. ఆమె చాట పక్కన పెట్టింది.

"ఆట మా అంబ్యానే చేసిండా?"

"అవునవ్వా."

"ఒక్కడేనా?"

"ఒక్కడే. నేను పేరు దాచిపెట్టి నాదని చెప్పుకున్న."

ఎందుకు చేశావని ఆమె అడగలేదు. నేను చెప్పాల్సింది అయిపోయింది, ఇక నాతో పని లేదన్నట్టు కొడుకు వైపు తిరిగింది.

"గప్పుడే చెప్పకపోతివేందిరా?"

"చెప్పిన గదనే ఆయీ."

"చెప్పినవ్" అంది. మళ్లీ తనలో తాను, "చెప్పిండు, పోరడు చెప్పిండు" అనుకుంది. గోడ పట్టుకొని లేచింది. నెమ్మదిగా వాడి దగ్గరికి పోయి, గడ్డం పట్టుకొని ముఖం ఒక పక్కకు తిప్పి చూసింది. ఇంకో పక్కకు తిప్పి చూసింది. చెవి దగ్గర మిగిలిన పిండి కొంగుతో తుడిచింది.

"ఏ చెంపరా? నాకు యాదికొస్తలేదు."

"నాకు గూడ యాది లేదే ఆయీ" అన్నాడు అంబదాస్.

నిజమేనా అని ఆమె నన్ను అడగలేదు.